బలం పిండి ప్యాకెట్ మీద పదకొండు రోగాలు

ఆహార తనిఖీ ఉద్యోగంలో నేను ఐదేళ్లున్నాను. 2009లో చేరాను, 2014లో వదిలి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ముప్పై రెండేళ్లకే ఉద్యోగానుభవాలు రాయడమేమిటని ఇంట్లో నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లు నాకు ఫోన్ చేసి అడిగేది మాత్రం ఒకటే: "అన్నా, ఈ ప్రొటీన్ డబ్బాలు, విటమిన్ గోలీలు మన కిందికొస్తయా, రావా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకసారి రాసి పెడుతున్నాను.

బదిలీలు, నెలవారీ నివేదికలు, జీపు ఎప్పుడూ రాకపోవడం వంటివి రాయను. అవి మీకూ ఎదురవుతాయి. నా తప్పులు మాత్రం రాస్తాను. అవి మీకు ఎదురుకాకూడదు.

ఒకే అల్మారా, రెండు సీసాలు

కామారెడ్డిలో చేరిన రెండో ఏడు. అప్పటికింకా పాత కల్తీ నిరోధక చట్టమే నడుస్తోంది. చదివింది ఫుడ్ టెక్నాలజీ కాబట్టి పాలు, నూనెలు, కారంపొడి దాటి కొంచెం పెద్ద పని చేయాలని నాకు తహతహ. స్టేషన్ రోడ్డులో ఒక మందుల దుకాణంలోకి వెళ్లాను. యజమాని శ్రీనివాసన్న నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అల్మారాలో కాల్షియం, విటమిన్ డి కలిపిన గోలీల సీసా కనిపించింది. శాంపిల్ తీస్తున్నానని నోటీసు రాసిచ్చాను. గోలీలు మూడు భాగాలు చేశాను, మూడు సీసాల్లో పోశాను, మూతలు బిగించాను, కాగితం చుట్టాను, దారం కట్టాను, లక్క కరిగించి ముద్రలు వేశాను. వేలు కూడా కాల్చుకున్నాను. గంట పట్టింది. శ్రీనివాసన్న మంచినీళ్లిచ్చి, ఫ్యాను నా వైపు తిప్పి, ఓపికగా కూర్చున్నాడు. చివరి ముద్ర ఆరాక మెల్లగా అన్నాడు:

"సారు, గిది మందు. మీ కిందికి రాదు. గా పక్క సీసా మీది."

పక్క సీసా చూశాను. అదే కాల్షియం, అదే విటమిన్. ఇంచుమించు అదే మోతాదు. మొదటిదాని మీద మందుల తయారీ లైసెన్సు నంబరు ఉంది. రెండోదాని మీద ఆకుపచ్చ చుక్క, పోషకాల పట్టిక ఉన్నాయి. మొదటిది మందుల చట్టం కిందిది, దానికి వేరే ఇన్స్పెక్టరున్నాడు. రెండోది ఆహారం.

"మరి ముందుగాల్నే చెప్పద్దా అన్నా?" అన్నాను.

"మీరు గంత పాణం వెట్టి లక్క కరిగిస్తున్నరు. నడుమల ఆపుతే బాగుంటదా?"

ఆ వారమంతా స్టేషన్ రోడ్డులో ఎవరు ఎదురైనా నా వేలు ఎలా ఉందని అడిగారు.

ఖాదర్ సారు అడిగించిన మూడు ప్రశ్నలు

మా పైఅధికారి ఖాదర్ సారు జిల్లా ఆఫీసులో ఉండేవారు. తిట్టే అలవాటు లేదు. తప్పు చేస్తే చాయ్ తెప్పించి, ఆ తప్పును మొదటినుంచి చివరిదాకా మన నోటితోనే చెప్పించేవారు. అది తిట్లకంటే కష్టం. నా సీసాల కథ మొత్తం విన్నాక ఆయన అన్నారు:

"డబ్బాల ఏమున్నదో లాబ్ చూస్తది మియా. డబ్బా ఏం మాట్లాడుతున్నదో నువ్వు చూడాలె."

దాన్ని నేను మూడు ప్రశ్నలుగా నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. మీరూ రాసుకోండి.

ఒకటి: ఈ వస్తువు దేనికోసమని చెబుతోంది? ఆకలికీ రుచికీ అయితే మామూలు ఆహారం. రోజూ తినే తిండిలో తక్కువపడే విటమిన్లో, ఖనిజాలో, ప్రొటీనో కొలతగా అందించడానికైతే సప్లిమెంటు. రోగం తగ్గిస్తానంటే అది మందులా మాట్లాడుతున్నట్టు.

రెండు: ఎలా తీసుకోమంటోంది? ఇష్టమైనంత తినమంటోందా, రోజుకు ఇన్ని అని లెక్క చెబుతోందా?

మూడు: ఎవరి అనుమతితో అమ్ముతున్నారు?

గోలీ రూపంలో ఉంది కాబట్టి మందు, పొడి రూపంలో ఉంది కాబట్టి తిండి అనుకోవద్దు. ఆకారం దాదాపు ఏమీ చెప్పదు. 2011లో కొత్త ఆహార భద్రతా చట్టం అమల్లోకి వచ్చినప్పుడు సప్లిమెంట్లకు అందులో ప్రత్యేకంగా ఒక సెక్షనే పెట్టారు. గోలీలు, పొడులు, ద్రవాలు ఏ రూపంలోనైనా ఉండవచ్చు గానీ, ఏ రోగాన్నీ నయం చేస్తామని అనకూడదు అన్నారు. అయితే ఆ సెక్షను కింద వివరమైన నియమాలు నేనున్నంతకాలం రాలేదు. అలాంటి సరుకు తయారుచేసేవాళ్లు ఢిల్లీ నుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఊళ్లో పిండి పట్టించి అమ్ముకునే చిన్నవాళ్లకైతే మా దగ్గర రిజిస్ట్రేషన్ చాలు.

ఈ రెండు వాక్యాల మధ్య ఎంత దూరముందో చట్టం పుస్తకంలో నాకు బాగానే అర్థమైంది. ఊళ్లో మరిచిపోయాను.

తైదలు, పెసలు, పల్లీలు

ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట పోయే దారిలో ఒక ఊరు. అక్కడి మహిళా సంఘంలో తొమ్మిదిమంది కలిసి పిండి చేసేవారు. తైదలు, అంటే రాగులు, వాటితో పాటు జొన్నలు, పెసలు, పల్లీలు, నువ్వులు వేయించి మర పట్టించి ప్యాకెట్లు కట్టేవారు. పేరు బలం పిండి. అది రాకముందు ఆ తొమ్మిదిమందిలో ఆరుగురు ప్రతి ఎండాకాలం పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి ఇటుకబట్టీల పనికి పోయేవారు. పిండి మొదలయ్యాక ఎవరూ పోలేదు. ఇది నాకు సంఘం పెద్ద సాయవ్వ చెప్పింది. సాయవ్వకు యాభై దాటాయి. చదువు నాలుగో తరగతి. లెక్క మాత్రం నోటితోనే నాకంటే ముందు తేల్చేది.

2012లో రిజిస్ట్రేషన్ కోసం వచ్చారు. నేను కాగితాలు చూసి, పిండి రుచి చూసి, పొంగిపోయాను. ప్యాకెట్ మీద "బలం పిండి" తప్ప ఏమీ లేదు. నా చదువంతా ఒక్కసారి పైకి ఉబికింది. కాగితం తీసుకుని, పాఠ్యపుస్తకంలోని పట్టికలు చూసి, ప్రొటీన్ ఎంత, ఇనుము ఎంత, కాల్షియం ఎంత అని లెక్కగట్టాను. పైన అందంగా "ఫుడ్ సప్లిమెంట్" అని రాశాను. కింద "రోజుకు రెండు చెంచాలు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని రాశాను.

"గిది రాస్తే ఏమైతది సారు?" అని సాయవ్వ అడిగింది.

"మంచిగ కనిపిస్తదక్కా. పట్నం డబ్బాల లెక్క."

ఇదంతా రాసిమ్మని ఎవరూ అడగలేదు. నా పని రిజిస్టర్ చేయడం, లేబుల్ రాసివ్వడం కాదు. మెచ్చుకోలు కోసం చేసిన సాయమది. కొత్తవాళ్లకు నా సలహా: సంతకం పెట్టే చేతితో సలహాలు రాయకండి.

డాక్టరమ్మ ఫోను

ఏడాది తిరక్కముందే ఎల్లారెడ్డి వైపు సర్కారు దవాఖానలో పనిచేసే డాక్టరమ్మ ఒకావిడ నాకు ఫోన్ చేసింది.

"రాజవ్వ అని ఒక పెద్దావిడ. షుగర్ పేషెంటు. కళ్లు తిరిగి పడిపోతే తీసుకొచ్చిన్రు. మూడు నెలలుగా గోలీలు బంద్ చేసిందంట. ఏమన్నంటే సంచిలకెల్లి పిండి ప్యాకెట్ తీసి చూపిస్తున్నది. ఇది అమ్మేటోళ్ల మీద మీరేమన్నా చేస్తరా, నన్ను పైకి రాయమంటరా?"

వెంటనే వెళ్లాను. రాజవ్వ మంచం మీద కూర్చుని డాక్టరమ్మతో గొడవపడుతోంది. గొడవపడే ఓపిక ఉన్నందుకు సంతోషించాను.

"ఏం బంద్ చేసిన బిడ్డా? పొద్దుగాల ఒక గోలి, రాత్రి ఒక గోలి ఉండె. గీ పిండి గూడ పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటే. మొదట రెండూ తిన్న, షుగర్ దిగింది. ఇంక రెండెందుకు? దాని జాగల దీన్ని వెట్టిన."

"పిండి ఎట్ల తింటున్నవవ్వా?"

"చప్పగుంటది. బెల్లం కలుపుకున్న."

డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది. ఆమె నవ్వుతోందో, కోపాన్ని ఆపుకుంటోందో నాకు తెలియలేదు. నేను మాత్రం ప్యాకెట్ వైపే చూస్తున్నాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆ మాట నాది. మందు చీటీ భాషను పిండి సంచి మీద పెట్టింది నేను. ఆవిడ దాన్ని మందు చీటీగానే చదువుకుంది.

ప్యాకెట్ మీద ఇంకొకటి కూడా ఉంది. అది నేను రాసింది కాదు. వెనకవైపు పదకొండు వాక్యాలు: మోకాళ్ల నొప్పులు తగ్గును. రక్తం పట్టును. షుగర్ తగ్గును. జుట్టు రాలదు. నిద్ర పట్టును. ఇలా పదకొండు.

పదకొండు మంది సాక్షులు

సంఘం గదికి వెళ్లి ప్యాకెట్ బల్లమీద పెట్టాను. "ఇవన్నీ ఎవరు రాయమన్నరక్కా?" అన్నాను.

సాయవ్వకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "ఎవలు రాయమంటరు? తిన్నోళ్లు వచ్చి చెప్పిన్రు. చెప్పింది రాసినం."

అప్పుడు తెలిసింది వాళ్ల పద్ధతి. పిండి తిని ఎవరైనా వచ్చి ఫలానాది తగ్గిందని చెబితే, తరవాతి ప్యాకెట్ల మీద ఒక వరస కలిపేవారు. ప్రతి వరస వెనక ఒక మనిషి ఉంది. మోకాళ్ల నొప్పులు గంగవ్వవి, ఆమె అక్కడే పిండి జల్లిస్తోంది. నిద్ర గాంధారి నుంచి వచ్చే ఒక కూరగాయలామెది. షుగర్ రాజవ్వది. మంచిమాట చెప్పడానికి ఇంత దూరం వచ్చిన మనిషి మాట రాయకపోతే ఆమెను చిన్నబుచ్చినట్టే అని వాళ్ల లెక్క. ప్రకటన చేస్తున్నామన్న ఊహే లేదు. అది వాళ్లకు మర్యాద.

"ఇవన్నీ తీసెయ్యాలె," అన్నాను.

జల్లెడ ఆగింది. గంగవ్వ లేచి, గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించింది. "జూడు సారు! నిరుడు గిట్ల నడిస్తినా? అడుగు గీళ్లను! నా మోకాళ్లు నీ కాయిదాలకు తెలుస్తయా?"

"నీ మోకాళ్లు అబద్ధమని అంటలేనవ్వా. ప్యాకెట్ మీద రాయొద్దంటున్న."

"నిజమైతే రాస్తే ఏంది?"

ఈ ప్రశ్న మీరు రాసిపెట్టుకోండి. ఈ ఉద్యోగంలో ఇంతకంటే మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఆ రోజు మాత్రం కొత్త చట్టం చెప్పినట్టు నాలుగు సీసాల్లో శాంపిల్ తీసుకుని, తలవంచుకుని వచ్చేశాను.

కేసు ఎవరి మీద?

ఖాదర్ సారు ప్యాకెట్ ముందూ వెనకా తిప్పి చూశారు. చాయ్ తెప్పించారు. నాకు విషయం అర్థమైంది.

"ఈ ముందటి రాత ఎవరిది మియా?"

"నాదే సార్."

"మంచిగుంది రాత. సప్లిమెంట్ అని రాసినవు. అంటే వీళ్లు ఢిల్లీకి పోవాలె. చెంచాల లెక్క రాసినవు. వెనకకెల్లి వాళ్లు రోగాలు రాసిన్రు. ముందు సగం నీది, వెనక సగం వాళ్లది. కేసు ఎవరి మీద రాద్దాం?"

కేసు రాస్తే సంఘం గదికి తాళం పడుతుంది. ఎండాకాలం ఇంకో రెండు నెలల్లో ఉంది. బట్టీలవాళ్లు మనుషుల కోసం తిరిగే రోజులవి. రాయకుండా వదిలేస్తే ఇంకో రాజవ్వ ఇంకో ఊళ్లో పడిపోతుంది, అప్పుడు లేవకపోవచ్చు. ఆ రెండిటి మధ్య నేను వారం రోజులు సరిగా నిద్రపోలేదు. పిండి తిన్నా పట్టలేదు.

కొత్త చట్టంలో పాతదాంట్లో లేని ఒక మంచి ఏర్పాటుంది: సరిదిద్దుకోమని నోటీసు. తప్పు ఏమిటో, ఏం చేయాలో రాసి గడువిస్తారు. సరిచేసుకుంటే సరే, లేకుంటే చర్య. ఖాదర్ సారు దాని మీద సంతకం పెడుతూ, "పదిహేను రోజులు. వాళ్లకు కాదు, నీకు," అన్నారు. లాబ్ రిపోర్టు కూడా వచ్చింది. పిండిలో కల్తీ లేదు, శుభ్రంగా ఉంది. పిండికి ఏ తప్పూ లేదు. తప్పంతా దాని చేత పలికించిన మాటలదే.

రెండు మోటార్లు

రాజవ్వ ఇంటికొచ్చాక అందరినీ సంఘం గదిలో కూర్చోబెట్టాను. ముందు నా తప్పు చెప్పాను. సప్లిమెంట్ అన్నది, చెంచాల లెక్క రాసింది నేనే, రెండూ కొట్టేస్తున్నానని. ఇక వెనకవైపు వంతు. నేను ఒక పట్టిక గీశాను. ఏ నెలలో గోలీలు, ఏ నెలలో పిండి, షుగర్ ఎంత. మూడు నిలువు గీతలు, ఆరు అడ్డగీతలు. రాజవ్వ దాన్ని గౌరవంగా చూసి పక్కన పెట్టింది.

"నేనైతే ఒక్కటే అడుగుత. నా మాట కొట్టేస్తే నేను లంగమాట చెప్పినట్టా? ఊరంతా ఏమనుకుంటది?"

నేను మళ్లీ పట్టిక అందుకోబోయాను. సాయవ్వ నా చేయి పక్కకు జరిపింది.

"ఏమే రాజవ్వా. మీ పొలంకాడ రెండు మోటార్లున్నయి గద?"

"ఉన్నయి."

"రెండూ నడిస్తే మడి పారింది. పెద్దది బంద్ చేసినవు. మడి ఎండింది. మరి ఏది పారిచ్చింది?"

"రెండూ పారిచ్చినయి," అంది.

"ఎక్కువ ఏది?"

"పెద్దది." తరవాత కొంచెం ఉక్రోషంగా, "మరి గోలీలే పెద్ద మోటారని గా డాక్టరమ్మ గిట్ల చెప్పద్దా?" అంది.

గదంతా నవ్వింది. గంగవ్వ ప్రశ్నకు నాకు అప్పుడే జవాబు దొరికింది. ఆమె చెప్పింది నిజమే. కానీ ఆమె నిజం ఆమె ఒంటిదాకానే. ప్యాకెట్ మీద ఎక్కితే అది తెలియని మనిషి ఒంట్లోకి పోతుంది. అక్కడ ఏ మోటారు నడుస్తోందో మనకు తెలియదు. చట్టం చెప్పేది ఇంతే. పెద్ద పుస్తకంలో చెప్పింది.

అయినా సమస్య తీరలేదు. రోగాలు పోతాయి సరే, పదకొండు మంది మర్యాద సంగతేమిటి? వాళ్లు ఎవరినీ చిన్నబుచ్చలేరు. గడువులో ఆరు రోజులు మిగిలాయి. ఆ మాటా ఈ మాటా అనుకుంటుండగా గంగవ్వ జల్లెడ పట్టుకునే అంది:

"రోగం పేరు రాయద్దంటున్నడు. మనిషి పేరు రాయద్దన్నడా?"

అందరూ నా వైపు చూశారు. నేను నియమాల పుస్తకం తీశాను. రోగం నయమవుతుందని ఉండకూడదు. లేదు. వైద్యులు సిఫారసు చేసినట్టు ఉండకూడదు. లేదు. మోసపుచ్చే మాట ఉండకూడదు. లేదు. "ఈ పిండి తినేటోళ్లు: గంగవ్వ, రాజవ్వ..." అని రాస్తే ఏ నియమం కిందికీ రాదు. మళ్లీ మొదటినుంచి చూశాను. మూడోసారి కూడా చూశాను.

"రాయొచ్చు," అన్నాను.

అంత సంబురం నేను ఏ ప్రభుత్వ నోటీసు తరవాతా చూడలేదు.

రెండో తనిఖీ

గడువు ముగిసే రోజు ఖాదర్ సారు స్వయంగా వచ్చారు. కొత్త ప్యాకెట్ బల్లమీద ఉంది. ముందువైపు బలం పిండి, దినుసుల పేర్లు, బరువు, తయారైన రోజు, రిజిస్ట్రేషన్ నంబరు. చెంచాలు లేవు. వెనక పదకొండు రోగాల జాగాలో పదకొండు పేర్లు, ఊళ్లతో సహా. ఖాదర్ సారు ఒక్కొక్క పేరూ పైకి చదివారు. గదిలో ఉన్నవాళ్లు తమ పేరు రాగానే తల ఎత్తారు, బడిలో హాజరు పిలిచినట్టు.

పేర్లకు పైన ఒక వాక్యముంది. అది నాకు చూపించిన నమూనాలో లేదు.

"ఇదెవరు కలిపిన్రు?" అన్నాను.

"నేనే," అంది గడపలో కూర్చున్న రాజవ్వ. "నా మాట ఒక్కటి ఉండాలన్న. గందుకే రాయించిన. తప్పయితే కొట్టెయ్యి."

వాక్యం ఇది: "దవాఖాన గోలీలు బంద్ వెట్టకుండ్రి. నేను వెట్టి ఆగమైన. రాజవ్వ."

ఖాదర్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "ఏం మియా, ఇది ఏ రూలు కింద తప్పు?"

"ఏ రూలు కిందా కాదు సార్."

"నేను ముప్పై ఏళ్లుగ లేబుళ్లు చదువుతున్న. ఇంత నిజం మాట్లాడిన డబ్బాను చూడలే," అని నోటీసు మూసేస్తున్నట్టు సంతకం పెట్టారు.

రాజవ్వకు మాత్రం తృప్తి లేదు. ప్యాకెట్ చేతిలోకి తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "గింత సన్నగ రాస్తే నా అసొంటోళ్లకు ఏం గనవడతది సారు? పెద్దగ రాయరాదా?"

నేను స్కేలు తీసి అక్షరాల ఎత్తు కొలిచాను. పుస్తకంలో కనీస ఎత్తు ఉంది. ఎంత పెద్దగా రాయకూడదో ఎక్కడా లేదు. ఆ మాటే చెప్పాను.

తరవాతి నెల ప్యాకెట్ల మీద రాజవ్వ మాట బలం పిండి పేరు కంటే పెద్దగా ఉంది.